పాత విమానాలకు ప్రాణం పోసిన షటిల్‌వర్త్

ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో ఓల్డ్ వార్డెన్ అనే చిన్న పల్లె ఉంది. చుట్టూ పొలాలు, మధ్యలో పచ్చిక మైదానం. వేసవి సాయంత్రాలలో గాలి నిలిచిన వేళ ఆ మైదానం మీద నూరేళ్లు దాటిన విమానాలను ఎగరేస్తారు. కర్రతో, గుడ్డతో, తీగలతో కట్టిన విమానాలవి. వాటిని బాగుచేసే పని, నడిపే పని పెద్దవాళ్ల దగ్గర నిలబడి యువకులు నేర్చుకుంటూ ఉంటారు. ఈ విద్యకు అక్కడ పునాది వేసిన వ్యక్తి రిచర్డ్ ఆర్మండ్ షటిల్‌వర్త్. 31 ఏళ్లకే కన్నుమూసిన ఆయన జీవితం, ఆయన పోయిన తరువాత ఆయన తల్లి చేసిన పని అందరూ తెలుసుకోదగినవి.

నూర్పిడి యంత్రాల వంశం

షటిల్‌వర్త్ కుటుంబానికి సంపద వచ్చింది వ్యవసాయ యంత్రాల వల్లనే. రిచర్డ్ తాతగారు జోసెఫ్ షటిల్‌వర్త్ తన బావమరది నథానియేల్ క్లేటన్‌తో కలిసి 1842లో లింకన్ పట్టణంలో ఒక కర్మాగారం స్థాపించారు. ఆవిరి ఇంజన్లు, ధాన్యం నూర్చే యంత్రాలు అక్కడ తయారయ్యేవి. కళ్లంలో మనుషులు రోజుల తరబడి చేసే పనిని గంటలలో ముగించే ఆ యంత్రాలు ఐరోపా దేశాలకు విరివిగా ఎగుమతి అయ్యాయి. ఆ ఆదాయంతో జోసెఫ్ 1872లో ఓల్డ్ వార్డెన్ ఎస్టేటును కొన్నారు.

జోసెఫ్ కుమారుడు కర్నల్ ఫ్రాంక్ షటిల్‌వర్త్. ఆయన వయసు మళ్లిన తరువాత ఆ ఊరి చర్చి పాదిరీ కుమార్తె డొరతీ క్లొటిల్డాను వివాహం చేసుకున్నారు. వారి ఏకైక సంతానం రిచర్డ్ 1909 జూలై 16న జన్మించాడు. అతను పుట్టిన తొమ్మిది రోజులకు, జూలై 25న, లూయీ బ్లేరియో అనే ఫ్రెంచి వైమానికుడు తన ఒంటిరెక్కల విమానంలో ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు సముద్రం దాటి వచ్చాడు. ఆ ప్రయాణానికి పట్టినది 40 నిమిషాల లోపే. సముద్రమే తమకు కోటగోడ అని నమ్మిన ఇంగ్లీషువారు ఆ రోజు ఉలిక్కిపడ్డారు. ఆ బ్లేరియో రకం విమానానికీ ఈ పసివాడికీ మున్ముందు గట్టి సంబంధం ఏర్పడింది.

రిచర్డ్‌కు నాలుగేళ్లు వచ్చే నాటికి తండ్రి పోయారు. 1913 నుంచి కొడుకు పెంపకం, ఎస్టేటు బాధ్యత రెండూ తల్లి మీదనే పడ్డాయి.

తుక్కులో విలువ చూసిన యువకుడు

రిచర్డ్ ఈటన్ పాఠశాలలో చదివి, కొంతకాలం సైన్యంలో అశ్వికదళంలో పనిచేశారు. కాని ఆయన మనసంతా యంత్రాల మీదనే ఉండేది. పందొమ్మిదవ శతాబ్దం చివరి నాటి మోటారు కార్లను ఆ రోజుల్లో జనం తుక్కు కింద లెక్కగట్టేవారు. రిచర్డ్ మాత్రం వాటిని వెతికి కొని, విడదీసి, బాగుచేసి నడిపేవారు. అలా 1928లో కొన్న పాన్‌హార్డ్ కారు ఆయన సేకరణకు తొలి మెట్టు.

1932లో 23వ ఏట ఎస్టేటు ఆయన చేతికి వచ్చింది. అదే ఏడాది ఆయన ఒక డి హావిలాండ్ మాత్ విమానాన్ని కొన్నారు. తమ పొలాల మధ్యనే పచ్చిక మీద విమానాలు దిగే ఏర్పాటు చేసుకున్నారు. ఆ మాత్ ఇప్పటికీ ఓల్డ్ వార్డెన్‌లోనే ఉంది.

ఆయన గొప్ప పందెగాడు కూడా. 1935 అక్టోబరులో డొనింగ్టన్‌లో తొలిసారి జరిగిన గ్రాండ్ ప్రీ కార్ల పందెంలో ఆల్ఫా రోమియో కారు నడిపి గెలిచారు. మూడు నెలలు తిరగకముందే, 1936 కొత్త సంవత్సరం నాడు, దక్షిణ ఆఫ్రికాలో జరిగిన పందెంలో కారు అదుపు తప్పి ఆయనకు తీవ్రమైన గాయాలు తగిలాయి. ప్రాణం దక్కింది గాని పెద్ద పందాలకు స్వస్తి చెప్పవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన దృష్టి పాత విమానాల మీద మరింతగా నిలిచింది.

భారతదేశంతో సంబంధం

రిచర్డ్‌కు మన దేశంతోనూ సంబంధం ఉంది. 1933లో వైస్రాయి బహుమతి కోసం ఢిల్లీలో విమాన పందెం జరిగింది. దానిలో పాల్గొనడానికి రిచర్డ్, ఆయన మిత్రుడు జార్జ్ స్టెడ్ ఇద్దరూ రెండు చిన్న కాంపర్ స్విఫ్ట్ విమానాలలో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చారు. స్విఫ్ట్‌లో ఒక్కరికే చోటు. దారి చూపే సాధనాలు అంతంతమాత్రంగా ఉన్న ఆ కాలంలో ఎడారులు, కొండలు దాటి ఇంత దూరం రావడం సాహసమే.

అదే పందెంలో అస్సాం ప్రాంతపు సిల్చార్‌లో తేయాకు తోటల వ్యాపకంలో ఉన్న ఆల్బన్ ఆలీ కూడా తన ఎర్రని స్విఫ్ట్‌తో పాల్గొన్నారు. చేతులు మారి మారి ఆ ఎర్ర విమానం చివరకు ఓల్డ్ వార్డెన్‌కే చేరింది.

వంతెన కింద, గడ్డివాము కింద

1935లో రిచర్డ్ చేతికి రెండు పాత విమానాలు వచ్చాయి. మొదటిది బ్లేరియో విమానం. ఆయన పుట్టిన 1909లోనే తయారైనది. లండన్ దగ్గర హెండన్‌లో బ్లేరియో నడిపిన శిక్షణ పాఠశాలలో ఎందరో యువకులు దాని మీద చెయ్యి తిప్పుకున్నారు. 1912లో అది దెబ్బతిన్నది. దానిని లండన్‌లో ఒక రైలు వంతెన కింద పడవేశారు. 1914లో గ్రిమ్మర్ అనే ఆయన దానిని కొని బాగుచేసి ఎగరేశారు. తరువాత చాలా ఏళ్లు అది మూలపడి ఉంది. గ్రిమ్మర్ దగ్గర నుంచే అది రిచర్డ్ దగ్గరికి వచ్చింది. రెండవది 1910 నాటి డెపర్డ్యూసిన్. అదీ గ్రిమ్మర్ దగ్గర ఉన్నదే. రిచర్డ్ తన పనివారితో కలిసి రెంటినీ బాగుచేశారు. డెపర్డ్యూసిన్ 1937లో మళ్లీ ఎగిరింది.

మూడవ దాని కథ మరీ చిత్రమైనది. 1912లో తయారైన బ్లాక్‌బర్న్ విమానం ఒకటి 1914లో కూలిపోగా, దాని యజమాని గ్లూ ఆ భాగాలను తన పొలంలోనే వదిలేశారు. పైన గడ్డి వేశారు. 1930 దశకం చివర రిచర్డ్ ఆ సంగతి తెలుసుకుని వెళ్లి, గడ్డివాము కింది నుంచి ఆ భాగాలను బయటికి తీయించారు. ఇంజను, చట్రం, రెక్కల ముక్కలు ఓల్డ్ వార్డెన్‌కు చేరాయి. పని మొదలైంది గాని యుద్ధం అడ్డువచ్చింది. యుద్ధం ముగిశాక పని పూర్తయి అది ఎగిరింది. బ్రిటన్‌లో తయారైన విమానాలలో ఇంకా ఎగరగలిగిన అతి పాతది అదేనని ప్రసిద్ధి. ఆ విమానం ఎగిరిన దృశ్యం మాత్రం రిచర్డ్ చూడలేదు.

బాగుచేయడం అంటే

విరిగిన విమానానికి రంగు వేసి అద్దాల గదిలో నిలబెట్టడం ఒక పద్ధతి. రిచర్డ్‌కు అది నచ్చేది కాదు. నడవని యంత్రం ఆయన దృష్టిలో సగం చచ్చిన యంత్రం. ఇంజను తిరగాలి, రెక్క గాలిని పట్టాలి. అందువల్ల ప్రతి పనీ మనిషి ప్రాణానికి పూచీ పడి చేయవలసి వచ్చేది.

ఆ కాలపు విమానం చట్రం గట్టి కర్రతో చేసినది. బండిచక్రం చేసే వడ్రంగికి కర్ర నార ఎటు నడిచిందో చూసి కోయడం ఎంత ముఖ్యమో అక్కడా అంతే ముఖ్యం. ముడి ఉన్న కర్ర, నార అడ్డం తిరిగిన కర్ర పనికిరాదు. రెక్కల మీద అవిసెనార బట్ట కప్పి, మైనం పట్టించిన దారంతో పక్కబద్దలకు కుట్టాలి. ఆ మీదట ఒక ద్రావకం పూతలు పూతలుగా పూస్తే బట్ట బిగుసుకుని తప్పెట చర్మంలా మోగుతుంది. రెక్కలను పట్టి ఉంచేవి ఉక్కు తీగలు. ఒక తీగ బిగువు ఎక్కువైనా, మరొకటి వదులైనా రెక్క వంకర పోతుంది. ఈ బిగువు చేతితో పట్టి చూసి గ్రహించే అనుభవం పుస్తకం చదివితే రాదు. తెలిసినవాని పక్కన నిలబడి నేర్చుకోవలసినదే.

రిచర్డ్ దగ్గర ఆ పనులు చేసినవారిలో లెన్ జాక్సన్ ముఖ్యుడు. రిచర్డ్ పోయిన తరువాత కూడా ఆ విమానాలను విడిచిపోకుండా దీర్ఘకాలం కాపాడినది ఆయనే.

ఆముదంతో తిరిగే ఇంజను

ఆ విమానాలలో కొన్నింటికి నోమ్ రకం ఇంజను ఉంటుంది. మామూలు ఇంజనులో సిలిండర్లు కదలవు, లోపలి ఇరుసు తిరుగుతుంది. నోమ్ ఇంజనులో ఇరుసు కదలదు. సిలిండర్లే పంకాతో పాటు గిర్రున తిరుగుతాయి. తిరుగుతూ గాలిని కోస్తాయి గనుక వాటంతట అవే చల్లబడతాయి. పెట్రోలు ఆవిరి ఇంజను కడుపులోంచే వెళుతుంది. మామూలు నూనె పోస్తే పెట్రోలు దానిని కడిగివేస్తుంది. పెట్రోలులో తేలికగా కలవనిది, వేడికి పలచబడి జారిపోనిది అయిన నూనె కావాలి. అది ఆముదం.

మన తెలంగాణ మెట్ట పొలాల రైతుకు ఆముదం కొత్త పంట కాదు. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువగా పండించేది భారతదేశమే. తలకు రాసుకునే, బండి ఇరుసుకు పూసే ఆ నూనే తొలినాటి విమానాలను ఆకాశంలో నిలబెట్టింది. అయితే ఒకసారి ఇంజనులోకి వెళ్లిన ఆముదం తిరిగి రాదు. పొగతో, తుంపరతో బయటకు చిమ్మి నడిపేవాని ముఖాన, బట్టల మీద పడుతుంది. అది నోట్లోకి పోయి కడుపు కదిలేదని ఆ రోజుల వైమానికులు చెప్పుకుని నవ్వుకునేవారు.

ఇలాంటి ఇంజనుకు వేగం తగ్గించే ఏర్పాటు సరిగా ఉండదు. దిగేటప్పుడు మీట నొక్కి నిప్పురవ్వను ఆపుతూ, వదులుతూ రావాలి. అంత బరువు గిర్రున తిరుగుతుంటే మలుపు తిప్పినప్పుడు విమానం ఒక పక్కకు లాగుతుంది. ఇది ముందుగా తెలియనివాడు కూలిపోతాడు.

యుద్ధం, దుర్మరణం

1939లో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. రిచర్డ్ వైమానిక దళంలో చేరారు. అంతకుముందే విమానాలు నడిపిన అనుభవం ఉన్నా, దళం పద్ధతి ప్రకారం మళ్లీ శిక్షణ పొందవలసి వచ్చింది. 1940 ఆగస్టు 2న బెన్సన్ స్థావరం నుంచి రాత్రివేళ ఫెయిరీ బాటిల్ విమానంలో ఒంటరిగా శిక్షణకు బయలుదేరారు. ఆ విమానం స్థావరం సమీపంలోనే కూలిపోయింది. ఆయన అక్కడికక్కడే మరణించారు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు. పెళ్లి కాలేదు. ఓల్డ్ వార్డెన్‌లోనే ఆయనను ఖననం చేశారు.

తుక్కులోంచి తీసిన విమానాలు మాత్రం షెడ్లలో క్షేమంగా ఉన్నాయి. ఆయన ఈడు బ్లేరియో మిగిలింది, ఆయన మిగలలేదు.

తల్లి సంకల్పం

ఏకైక కుమారుడు పోయాక అంత పెద్ద ఎస్టేటుకు వారసుడు లేడు. ఆ స్థితిలో పొలాలు అమ్మి, పాత విమానాలను తుక్కువాడికి అప్పగించి ఊరుకోవడం సులువు. యుద్ధకాలంలో లోహానికీ, స్థలానికీ కరువు ఉండేది గనుక అలా చేసినా తప్పుపట్టేవారు ఉండరు. డొరతీ అలా చేయలేదు.

ముందుగా ఆమె తమ పెద్ద భవంతిని గాయపడిన వైమానికులు కోలుకునే రెడ్ క్రాస్ ఆసుపత్రిగా మార్చారు. కొడుకు వయసు కుర్రవాళ్లు ఎందరో ఆ గదులలో ఉండి ఆరోగ్యవంతులై వెళ్లారు. 1944లో కొడుకు పేర ఒక ధర్మసంస్థను ఏర్పాటు చేసి ఎస్టేటు, విమానాలు, కార్లు దానికి అప్పగించారు. దాని ఆశయాలు ముఖ్యంగా రెండు. ఒకటి విమాన శాస్త్రాన్ని, దాని పనిని నేర్పడం. రెండవది వ్యవసాయాన్ని, అడవుల పెంపకాన్ని నేర్పడం. కొడుక్కి ఇష్టమైనది ఒకటి, వంశానికి అన్నం పెట్టినది మరొకటి.

1946లో ఆ భవంతిలో వ్యవసాయ కళాశాల తెరిచారు. యుద్ధం నుంచి తిరిగివచ్చినవారు తొలి విద్యార్థులలో ఉన్నారు. తుపాకి పట్టిన చేతులకు నాగలి పని నేర్పిన కళాశాల అది. నేడు అది బెడ్‌ఫర్డ్ కళాశాలలో భాగంగా నడుస్తున్నది. విమానాల సేకరణను 1963 నుంచి ప్రజలు క్రమంగా చూసే ఏర్పాటు జరిగింది. డొరతీ 1968లో కన్నుమూసే నాటికి తాను తలపెట్టినది కుదురుకోవడం కళ్లారా చూశారు.

తరువాతి కాలంలో ఎన్నో విమానాలు ఆ సేకరణలో చేరాయి. వాటిలో ఒకటి కామెట్ అనే ఎర్రని పందెపు విమానం. 1934లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వరకు జరిగిన పందెంలో అది గెలిచింది. దారిలో మన అలహాబాదులో దిగి వెళ్లింది. అది కూడా చాలాకాలం మూలపడి, ఏళ్ల తరబడి మరమ్మతు జరిగి 1987లో మళ్లీ ఎగిరింది. తరువాత తిరిగి నిలిచిపోగా, మరల పనిచేసి 2014లో ఎగరేశారు.

నేర్చుకునే యువకులు

తొలినాటి బ్లేరియో పాఠశాలలో పాఠం చెప్పే పద్ధతి వేరు. విమానంలో ఒక్కరికే చోటు గనుక గురువు పక్కన కూర్చోలేడు. శిష్యుడు మొదట రెక్కలు చిన్నవి చేసిన విమానాన్ని నేలమీద అటూ ఇటూ పరుగెత్తించేవాడు. తిన్నగా పోవడం వచ్చాక రెండు మూడు గజాల ఎత్తు లేచి దిగేవాడు. చివరికి మైదానం చుట్టి వచ్చేవాడు. కోడెను కాడికి అలవాటు చేసినట్టే, ఒక్కో మెట్టు.

ఓల్డ్ వార్డెన్‌లోనూ తొందరపాటుకు చోటు లేదు. ఆధునిక విమానాలు ఎంతగా నడిపినవాడైనా వచ్చిన వెంటనే బ్లేరియో ఎక్కనివ్వరు. టైగర్ మాత్ వంటి నెమ్మదైన విమానాలతో మొదలుపెట్టి ఒక్కో రకం దాటుకుంటూ పాతవాటి దగ్గరికి రావాలి. ఇప్పటి విమానం నడిపేవాడు ముందుకు చూస్తే పాత విమానం నడిపేవాడు ముందుగా ఆకులను, పొగను, గడ్డి కదలికను చూడాలి. గాలి కొంచెం లేచినా ఆ రోజుకు పని ఆపుతారు. ఎగరకూడదని నిర్ణయించుకోవడం కూడా విద్యలో భాగమే. అతి పాతదైన బ్లేరియోను మైదానం దాటనివ్వరు. కొద్దిగా లేచి, తిన్నగా పోయి, అక్కడే దిగవలసిందే.

మరమ్మతు నేర్చుకునేవారికీ ఇదే క్రమం. మొదట చెయ్యి శుభ్రంగా ఉంచుకోవడం, సామాను చోట్లో సామాను పెట్టడం. తరువాత బట్ట కుట్టడం, పూత వేయడం, తీగ బిగించడం. చివరకు ఇంజను. ఒకరు చేసిన పనిని మరొకరు తనిఖీ చేసి సంతకం చేయనిదే విమానం షెడ్డు దాటదు. ఆ సంతకం కింద ఒక మనిషి ప్రాణం ఉంటుంది.

నోమ్ ఇంజను చేసినవారు, తొలిసారి నడిపినవారు ఏనాడో పోయారు. వారి చేతి నేర్పు మనుషుల చేతుల మీదుగానే ఇప్పటివారికి చేరింది. మధ్యలో ఒక తరం నేర్చుకోకపోతే ఆ నేర్పు అంతటితో పోయేది. విమానం ఉన్నా ఎగరేసేవాడు ఉండడు.

రిచర్డ్ షటిల్‌వర్త్ ఎగిరిన కాలం ఎనిమిదేళ్లకు మించదు. రాజకీయాలలో లేరు, పదవులు చేయలేదు. అందరూ పారవేసిన వస్తువులో పనితనాన్ని గుర్తించి దానిని నిలబెట్టారు. ఆయన పోయాక తల్లి తన దుఃఖాన్ని ఒక బడిగా, ఒక కర్మశాలగా మార్చారు. కడుపున పుట్టిన ఒక్కడు దక్కకపోయినా ఎవరి బిడ్డలో ఎందరో వచ్చి అక్కడ పని నేర్చుకున్నారు. 1909లో పుట్టిన ఆ బ్లేరియో విమానం ఇంజను పేలుతూ తిరగడం మొదలుపెట్టినప్పుడల్లా, దాని వయసువాడైన ఆ యువకుని పేరు ఓల్డ్ వార్డెన్‌లో తలచుకుంటూనే ఉంటారు.